మూర్ఛకు కొవ్వు పథ్యం: పేగుల సంగతి

పథ్యం అనగానే మన ఇళ్ళలో గుర్తుకు వచ్చేది నూనె లేని చారు, మెత్తని అన్నం, నెయ్యి తగలని కూర. పచ్చకామెర్లు వచ్చినా, జ్వరం తగ్గినా, పెద్దలు మొదట దాచిపెట్టేది నేతి గిన్నెనే. అటువంటి ఇంటిలో ఒక వైద్యుడు బిడ్డను పరీక్షించి, "రేపటి నుండి ఈ బిడ్డకు అన్నం వద్దు, రొట్టె వద్దు, పండ్లు వద్దు, నెయ్యి, వెన్న, కొబ్బరి నూనె, గుడ్లు పెట్టండి" అని చెబితే ఆ ఇంటివారు తెల్లబోకుండా ఎలా ఉంటారు? మూర్ఛ వ్యాధికి ఇచ్చే కీటోజెనిక్ ఆహారం సరిగ్గా ఇటువంటి తలక్రిందుల పథ్యం. దీనిని గురించి మన పత్రిక పాఠకులలో కొందరు తల్లిదండ్రులు అడుగుతూనే ఉన్నారు. వారి ప్రశ్నలలో ఎక్కువ భాగం మెదడును గురించి కాదు, కడుపును గురించి. బిడ్డకు ఫిట్స్ తగ్గినవి గాని నాలుగు రోజులైనా విరేచనం కావడం లేదని ఒకరు, వాంతులు ఆగడం లేదని మరొకరు. ఇంత కొవ్వు తింటే పేగులు ఏమైపోతాయని దాదీమాలు, నానమ్మలు అడుగుతున్నారు. ప్రశ్న సరైనదే. జవాబు కొంత వివరంగా చెప్పవలసి ఉన్నది.

ముందుగా ఈ పథ్యం ఎవరి కోసమో తెలుసుకుందాం. ప్రపంచంలో సుమారు 5 కోట్ల మందికి మూర్ఛ వ్యాధి ఉన్నదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతున్నది. సరైన నిర్ధారణ జరిగి, మందులు క్రమంగా వాడితే వారిలో 70 శాతం వరకు ఫిట్స్ లేకుండా బ్రతకగలరు. మిగిలినవారిది కష్టం. తగిన మందులు రెండు, తగిన మోతాదులో వాడినా లొంగని మూర్ఛను వైద్యులు మొండి మూర్ఛగా పరిగణిస్తారు. ఈ పథ్యం ప్రధానంగా అటువంటి పిల్లల కోసం. మెదడుకు గ్లూకోజ్ సరిగా అందని గ్లట్-1 లోపం వంటి ఒకటి రెండు అరుదైన జబ్బులలో మాత్రం ఇదే మొదటి చికిత్స. మందులతోనే ఫిట్స్ ఆగిన బిడ్డకు దీని అవసరం లేదు.

సంప్రదాయ పద్ధతిలో కొవ్వు 4 గ్రాములకు, మాంసకృత్తులు పిండిపదార్థాలు కలిపి 1 గ్రాము చొప్పున తూచి పెడతారు. శక్తిలో 90 శాతం కొవ్వు నుండే వస్తుంది. పిండిపదార్థం దాదాపు అందనప్పుడు కాలేయం కొవ్వును కరిగించి కీటోన్లు అనే పదార్థాలను తయారు చేస్తుంది. మెదడు గ్లూకోజ్‌కు బదులు వాటిని ఇంధనంగా తీసుకుంటుంది. కొంత సడలించిన పద్ధతి ఒకటి ఉన్నది. దానిని మార్పు చేసిన అట్కిన్స్ ఆహారం అంటారు. అందులో కొవ్వును అంత కచ్చితంగా తూచనక్కరలేదు, కాని పిండిపదార్థం రోజుకు 10 నుండి 20 గ్రాములు దాటరాదు. వండిన అన్నం 100 గ్రాములలోనే సుమారు 28 గ్రాముల పిండిపదార్థం ఉంటుందని గుర్తు చేసుకుంటే, 10 గ్రాములు అంటే మూడు చెంచాల అన్నమని అర్థమవుతుంది. రోజు మొత్తానికి!

కడుపుకు, మూర్ఛకు సంబంధం ఉన్నదన్న ఆలోచన నిన్న మొన్న పుట్టినది కాదు. మన పాత గ్రంథాలలో జాలీనూస్‌గా కనిపించే యవన వైద్యుడు గాలెన్, మూర్ఛ కొందరిలో మెదడు నుండి, కొందరిలో జీర్ణాశయపు ముఖద్వారం నుండి పుడుతుందని విభజించాడు. ఇక ఉపవాసంతో ఫిట్స్ తగ్గడాన్ని ప్రాచీనులు గమనించే ఉన్నారు. 20వ శతాబ్దపు తొలి దశకాలలో అమెరికాలోని బాటిల్ క్రీక్ పట్టణంలో హ్యూ కాంక్లిన్ అనే చికిత్సకుడు పేగు గోడలలోని కణజాలం నుండి ఒక విషం రక్తంలోకి చేరి మూర్ఛ తెప్పిస్తున్నదని నమ్మి, రోగులను రోజుల తరబడి నీళ్ళ మీదనే ఉంచేవాడు. ఆ విషాన్ని ఎవరూ కనుగొనలేదు. అయినా రోగులలో చాలామందికి ఫిట్స్ తగ్గినవి. కారణం తప్పు, ఫలితం నిజం. ఎల్లకాలం పస్తు ఉంచలేరు గనుక, ఉపవాసంలో శరీరం పొందే స్థితిని ఆహారంతోనే ఎలా తేవచ్చో 1921లో మేయో క్లినిక్‌కు చెందిన రస్సెల్ వైల్డర్ ప్రతిపాదించి, దానికి కీటోజెనిక్ అన్న పేరు పెట్టాడు. 1938లో ఫెనిటోయిన్ మందు వచ్చిన తరువాత బిళ్ళ వేసుకోవడం సులభమని ఈ పథ్యాన్ని లోకం దాదాపు మరిచిపోయింది. 1990ల నడుమ అమెరికాలో ఒక చలనచిత్ర దర్శకుడి కుమారునికి మందులు పనిచేయక ఈ పథ్యంతో ఫిట్స్ ఆగినప్పుడే మళ్ళీ వెలుగులోకి వచ్చింది.

ఇది పని చేస్తుందా అన్నదానికి ఇప్పుడు గట్టి ఆధారాలు ఉన్నవి. లండన్‌లో 145 మంది పిల్లలతో జరిగిన పరీక్ష 2008లో వెలువడింది. మూడు నెలల తరువాత, పథ్యంలో ఉన్న పిల్లలలో 38 శాతం మందికి ఫిట్స్ సగానికి పైగా తగ్గినవి. పథ్యం లేనివారిలో 6 శాతం మందికే అలా తగ్గినవి. మనకు మరింత దగ్గరి ఉదాహరణ ఢిల్లీలోని ఎయిమ్స్ ఆసుపత్రిది. 2013లో ప్రచురితమైన ఆ పరీక్షలో 2 నుండి 14 ఏళ్ళ వయసు గల 102 మంది పిల్లలు పాల్గొన్నారు. సడలించిన పథ్యం పాటించినవారిలో 52 శాతం మందికి ఫిట్స్ సగానికి పైగా తగ్గినవి; మిగిలినవారిలో 11.5 శాతం మందికి. అన్నం, రొట్టెలు తినే మన దేశపు పిల్లలు కూడా దీనిని పాటించగలరని తేలింది. కాని అదే నివేదికలో మరొక అంకె ఉన్నది. పథ్యంలో ఉన్న పిల్లలలో 46 శాతం మందికి మలబద్ధకం కలిగింది. అన్నింటికంటె ఎక్కువగా కనిపించిన ఇబ్బంది అదే.

తల్లిదండ్రులు మొదటి అంకెను విని ఆశపడతారు, రెండవదానిని ఎవరూ వారికి నిదానంగా వివరించరు. చికిత్స మధ్యలో విరిగిపోయేది తరచుగా ఇక్కడే అని నా అభిప్రాయం. మలబద్ధకం కలిగిన బిడ్డ కడుపు బిగించుకుంటాడు, ఆకలి చచ్చిపోతుంది, పెట్టిన వెన్న ముద్దను ఉమ్మేస్తాడు. తినకపోతే కొలత తప్పుతుంది, కొలత తప్పితే కీటోన్లు తగ్గుతాయి, ఫిట్స్ తిరిగి వస్తాయి. అప్పుడు ఇంటివారు "ఈ పథ్యం మన వాడికి పడలేదు" అని నిర్ణయించుకుంటారు. పడనిది పథ్యం కాకపోవచ్చు, పట్టించుకోనిది పేగును.

మలం గట్టిపడడానికి కారణాలు మూడు. పప్పులు, గోధుమలు, పండ్లు మానడంతో వాటితో వచ్చే పీచు ఆగిపోతుంది. కొవ్వులో శక్తి ఎక్కువ గనుక పళ్ళెంలో ఆహారం కొంచెమే ఉంటుంది, పేగులో ముందుకు నెట్టవలసిన బరువే తక్కువ. మూడవది నీరు. పూర్వం ఈ పథ్యంలో నీళ్ళు కూడా తగ్గించేవారు. ఆ పద్ధతిని వైద్యులు ఇప్పుడు విడిచిపెట్టారు. నీరు ధారాళంగా ఇవ్వాలి. నీరు చాలకపోతే మలబద్ధకం ఒక్కటే కాదు, మూత్రపిండాలలో రాళ్ళు కూడా ఏర్పడగలవు. పథ్యంలో ఉన్న పిల్లలలో కొద్ది శాతం మందికి ఈ రాళ్ళు వస్తాయి.

కాబట్టి ఇచ్చిన పిండిపదార్థపు కొలతలోనే పేగుకు మేలు చేసేవి ఎంచుకోవాలి. అనుమతించిన 10 గ్రాములను మూడు చెంచాల అన్నంతో ముగించడం కంటె పాలకూర, తోటకూర, మెంతికూర, సొరకాయ, బీరకాయ, దోసకాయ, క్యాబేజీ, కాలీఫ్లవర్‌లతో నింపితే బిడ్డకు పళ్ళెం నిండినట్లు ఉంటుంది, పేగుకు పీచు అందుతుంది. అవిసె గింజల పొడి, ఇసబ్గోల్ వంటివి డైటీషియన్‌ను అడిగి కలపవచ్చు. కొబ్బరి నూనె నుండి తీసే ఎం.సి.టి. నూనె అనేది ఒకటి ఉన్నది. అది త్వరగా కీటోన్లుగా మారుతుంది, మలాన్ని కూడా వదులు చేస్తుంది. అయితే ఒక్కసారిగా ఎక్కువ పోస్తే కడుపునొప్పి, విరేచనాలు తప్పవు. మెల్లగా పెంచాలి. ఇవేవీ చాలనప్పుడు మలాన్ని మెత్తబరిచే మందును వైద్యుడే వ్రాసి ఇస్తాడు. దుకాణంలో తియ్యని సిరప్ సీసా కొని పట్టించవద్దు, ఆ తీపి కూడా లెక్కలోకి వస్తుంది. దగ్గు మందు, జ్వరం మందు, చివరకు మూర్ఛకు వాడే సిరప్‌లలో సైతం చక్కెర ఉండవచ్చు. బిళ్ళ రూపంలో దొరుకుతుందేమో అడగండి.

మొదటి వారాలలో వాంతులు, కడుపులో మంట, నీరసం కూడా రావచ్చు. కొవ్వు జీర్ణాశయంలో ఎక్కువసేపు నిలుస్తుంది గనుక పుల్లని త్రేనుపులు సహజం. తిండి చిన్న చిన్న భాగాలుగా పెడితే చాలావరకు సర్దుకుంటాయి. కాని వాంతులు ఆగకుండా బిడ్డ మగతగా పడి ఉంటే, ఊపిరి వేగంగా తీస్తుంటే, అది ఇంటిలో చూసుకునే సంగతి కాదు. రక్తంలో ఆమ్లం పెరిగి ఉండవచ్చు, గ్లూకోజ్ పడిపోయి ఉండవచ్చు. వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్ళాలి. బిడ్డ కీటోజెనిక్ పథ్యంలో ఉన్నాడని అక్కడ మొదటి మాటగా చెప్పాలి, ఎందుకంటే అలవాటు కొద్దీ ఎక్కించే గ్లూకోజ్ సీసా ఎక్కించాలా వద్దా అన్నది వైద్యుడు తెలిసి నిర్ణయించవలసిన విషయం.

ఇంతవరకు చెప్పినది పేగు పడే ఇబ్బంది. పేగు చేసే మేలు కూడా ఒకటి ఉండవచ్చునని ఇటీవలి పరిశోధన చెబుతున్నది. మన పేగులలో లెక్కకు అందనన్ని సూక్ష్మజీవులు నివసిస్తాయి. మనం తినే పీచును అవి పులియబెట్టి, పేగు గోడకు ఆహారమయ్యే ఆమ్లాలను తయారు చేస్తాయి. మన తిండి మారితే వాటి జనాభా మారుతుంది. 2018లో లాస్ ఏంజెలిస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ పరిశోధకులు చిట్టెలుకలకు ఈ కొవ్వు ఆహారం పెట్టి చూశారు. వాటికి ఫిట్స్ అంత సులభంగా రాలేదు. సూక్ష్మజీవులే లేకుండా పెంచిన ఎలుకలకు, యాంటీబయాటిక్‌లతో పేగును ఖాళీ చేసిన ఎలుకలకు అదే ఆహారం పెడితే ఆ రక్షణ కనిపించలేదు! కొవ్వు ఆహారంతో పెరిగిన రెండు జాతులను, అక్కర్‌మాన్సియా, పారాబాక్టరాయిడీస్ అనేవాటిని, కలిపి తిరిగి ప్రవేశపెట్టగా రక్షణ మరలి వచ్చింది. ఈ రెండు సూక్ష్మజీవులు కలిసి రక్తంలోని కొన్ని పదార్థాలను తగ్గించగా, మెదడులో ఉద్రేకాన్ని శాంతింపజేసే రసాయనం పాలు పెరిగిందని వారు వివరించారు. 2023లో అదే విశ్వవిద్యాలయం వారు మొండి మూర్ఛ గల 10 మంది పిల్లల మలాన్ని, పథ్యానికి ముందు, తరువాత సేకరించి ఎలుకలలోకి మార్చారు. పథ్యం తరువాతి మలం అందుకున్న ఎలుకలు ఫిట్స్‌ను ఎక్కువగా తట్టుకున్నవి.

అయితే మనుషులలో చిత్రం ఇంత చక్కగా లేదు. స్వీడన్ రాజధాని స్టాక్‌హోమ్‌లో 12 మంది పిల్లలను మూడు నెలలు గమనించగా, పీచు మీద బ్రతికే మేలైన బిఫిడో బాక్టీరియా తగ్గి, ఇ.కోలి రకం పెరిగింది. చైనాలో 14 మంది పసిపిల్లలలో వారం రోజుల పథ్యం తరువాత, ఇ.కోలి చేరిన పెద్ద వర్గమే తగ్గినట్లు కనిపించింది. పిల్లలు కొద్దిమంది, వయసులు వేరు, గడువులు వేరు. ఫిట్స్ తగ్గించే మార్పు, పేగును బలహీనపరిచే మార్పు ఒకే పథ్యంలో కలిసి ఉండవచ్చు. ఏది ఎంత అన్నది ఇంకా తేలవలసి ఉన్నది.

ఎలుకల ఫలితం చదివి కొందరు సోదరులు మందుల దుకాణంలో "మంచి బాక్టీరియా" పొడి కొనుక్కురావడానికి సిద్ధమవుతారు. పథ్యానికి బదులు ఏ ప్రోబయాటిక్ పొడి కూడా బిడ్డ ఫిట్స్‌ను ఆపుతుందని ఇంతవరకు రుజువు కాలేదు. కొన్ని పొడులలో రుచి కోసం చక్కెర కలుపుతారు కూడా. యాంటీబయాటిక్‌ల విషయంలో రెండు వైపుల జాగ్రత్త కావాలి. న్యుమోనియా వచ్చిన బిడ్డకు వైద్యుడు ఇచ్చిన యాంటీబయాటిక్‌ను "పేగు పాడవుతుంది" అని ఆపడం ప్రాణాంతకం. జలుబుకు మెడికల్ షాపులో అడిగి తెచ్చి వేయడం అనవసరపు హాని. మన ఊళ్ళలో ఎక్కువగా జరిగేది రెండవది.

ఒకరి మలంలోని సూక్ష్మజీవులను మరొకరికి మార్చే చికిత్స నజాసత్ కాదా అని మా విద్యార్థులే అడిగారు. పదే పదే తిరగబెట్టే ఒక పేగు వ్యాధికి ఆ చికిత్స వాడుకలో ఉన్నది. ప్రత్యామ్నాయం లేని అవసరంలో, నమ్మదగిన వైద్యుని మాట మీద అపరిశుద్ధ వస్తువుతో చికిత్సను గురించి ఫిఖ్హ్‌లో సుదీర్ఘ చర్చ ఉన్నది. మూర్ఛకు మాత్రం అది ఇంకా ప్రయోగ దశ దాటలేదు. కాబట్టి ఫత్వా అవసరం కూడా నేడు రాలేదు. ఇంతకంటె రోజువారీ ప్రశ్న మరొకటి ఉన్నది: పాశ్చాత్య దేశాల పథ్యం పట్టికలలో పంది కొవ్వు, పంది మాంసం కనిపించి కొందరు వెనుకంజ వేస్తారు. ఈ పథ్యానికి కావలసినది కొవ్వు, ఫలానా జంతువు కొవ్వు కాదు. నెయ్యి, వెన్న, మీగడ, కొబ్బరి నూనె, హలాల్ మాంసపు కొవ్వు, గుడ్లు, పనీర్, బాదం, అక్రోట్ చాలు. విటమిన్ గుళికల తొడుగు జిలటిన్‌తో చేసినదైతే పొడి రూపం గాని, బిళ్ళ రూపం గాని అడగండి. ఆ విటమిన్‌లు మాత్రం మానకూడదు. ఇంత పరిమితమైన తిండిలో అవి సరిపడా అందవు.

పథ్యం మొదలు పెట్టక ముందే చేయవలసిన రక్త, మూత్ర పరీక్షలను గురించి ఒక మాట గట్టిగా చెప్పదలచాను. కొవ్వును శక్తిగా మార్చుకోలేని పుట్టుకతో వచ్చే లోపాలు కొన్ని ఉన్నవి. అటువంటి బిడ్డకు ఈ పథ్యం పెడితే ప్రాణానికే ముప్పు. ఆ లోపాలు సాధారణంగా తల్లి, తండ్రి ఇద్దరి నుండి సంక్రమించేవి. దగ్గరి బంధువులు పెళ్ళాడిన కుటుంబాలలో అవి కనిపించే అవకాశం ఎక్కువ. మేనరికాలు, పినతల్లి, పెదనాన్న బిడ్డల మధ్య సంబంధాలు మన కుటుంబాలలో ఎన్ని ఉన్నవో నేను చెప్పనక్కరలేదు. తల్లిదండ్రులు రక్తసంబంధీకులైతే ఆ సంగతిని సిగ్గుపడకుండా వైద్యునికి చెప్పాలి. బరువు తగ్గడానికి పెద్దలు పాటించిన కొబ్బరి నూనె డైట్‌ను చూసి, అదే కదా ఇదీ అని బిడ్డకు ఇంటిలోనే మొదలు పెట్టడం ఎంత ప్రమాదమో ఇందువల్లనే గ్రహించవచ్చు.

ఇక ప్రేమ వల్ల జరిగే నష్టం. పండుగ నాడు అందరూ షీర్ ఖుర్మా తాగుతుంటే ఆ బిడ్డ ఒక్కడు చూస్తూ కూర్చుంటాడు. దాదీమా మనసు ఒప్పుకోదు. తల్లి వంటగదిలో ఉండగా ఒక చెంచా నోట పోస్తుంది. ఎవరో పెద్దమనిషి బర్కత్ అని ఒక ఖర్జూరం చేతిలో పెడతాడు. మెడ్జూల్ రకం పెద్ద ఖర్జూరం ఒకటి తింటే సుమారు 18 గ్రాముల పిండిపదార్థం, అంటే సడలించిన పథ్యంలో కూడా ఇంచుమించు రోజు మొత్తం కోటా. చిన్న చెంచాడు తేనెలో దాదాపు 6 గ్రాములు. వారం రోజులు తూచి పెట్టిన తిండి తెచ్చిన స్థితిని ఆ ఒక్క ప్రేమ చెదరగొట్టవచ్చు, కొందరిలో ఫిట్స్ అదే రోజు తిరిగి రావచ్చు. దాదీమాను తిట్టి లాభం లేదు. వైద్యుని వద్దకు వెళ్ళేటప్పుడు ఆమెను కూడా వెంట తీసుకువెళ్ళండి; ఆ మాట ఆయన నోటి నుండే వినిపించండి. ఆ బిడ్డకు పండుగ నాడు మీగడలో బాదం పొడి, యాలకులు, కుంకుమపువ్వు కలిపి డైటీషియన్ చెప్పిన కొలతలో వేరుగా ఒక గిన్నె తయారు చేయవచ్చు.

రమజాన్ ప్రశ్న ఏటా వస్తుంది. ఉపవాసంలో కీటోన్లు పెరుగుతాయి కదా, పథ్యంలో ఉన్న పిల్లవాడు రోజా ఉంటే ఇంకా మేలు కదా అని. కాదు. నీరు లేకపోతే మలబద్ధకం, రాళ్ళు. మందు వేళ తప్పితే, నిద్ర చెడితే ఫిట్స్. పిల్లలపై రోజా విధి కాదు, రోగులకు మినహాయింపు ఉన్నది. ఇప్పటి వైద్యులు పథ్యం ప్రారంభంలో పూర్వంలా పస్తు పెట్టడం కూడా తప్పనిసరి అనడం లేదు.

పథ్యం పని చేస్తున్నదో లేదో చూడడానికి సాధారణంగా మూడు నెలల గడువు ఇస్తారు. పని చేస్తే రెండేళ్ళ వరకు కొనసాగించి, ఆ తరువాత కొన్ని నెలలలో మెల్లమెల్లగా విడిపిస్తారు. ఒక్కసారిగా అన్నం పళ్ళెం ముందు పెట్టరాదు, ఫిట్స్ విరుచుకుపడగలవు. ఇన్నాళ్ళు కొవ్వుకు అలవాటు పడిన పేగు కూడా పప్పును, పండును తిరిగి అందుకోవడానికి వ్యవధి కావాలి. మొదట్లో కడుపు ఉబ్బరం సహజం. అందుకే పథ్యం మొదలైన రోజు నుండి విడిచే రోజు వరకు ఇంటిలో ఒక నోటు పుస్తకం ఉంచుకోండి. ఫిట్స్ ఎన్ని వచ్చినవి, విరేచనం అయినదా, ఎలా అయినది, నీరు ఎన్ని గ్లాసులు తాగాడు, కొలత మీరి ఏమి తిన్నాడు అన్నవి ఏ రోజుకు ఆ రోజు వ్రాయండి. ఆ చివరి గడిని ఖాళీగా వదలవద్దు, దాదీమా పోసిన చెంచాను కూడా వ్రాయండి. డాక్టరుగారి ముందు మొదట తెరవవలసినది ఆ పుస్తకమే.